న్యూట్రాన్ చెప్పే రెండో సాక్ష్యం

1985 జూన్ 22న టొరంటో విమానాశ్రయంలో ఎయిర్ ఇండియా ప్రయాణికుల సామాను తనిఖీ చేస్తున్న ఎక్స్‌రే యంత్రం పని మధ్యలో ఆగిపోయింది. మిగిలిన పెట్టెలను, చేతిలో ఇమిడి పేలుడు పదార్థాల ఆవిరిని పసిగట్టే ఒక చిన్న పరికరంతో పరీక్షించి విమానంలోకి ఎక్కించారు. మరునాడు ఐర్లండ్ తీరానికి దూరంగా, సముద్రం మీద, ‘కనిష్క’ విమానం గాలిలోనే పేలిపోయింది. అందులో ఉన్న 329 మందిలో ఒక్కరూ మిగలలేదు. అదే రోజు జపాన్‌లోని నరీతా విమానాశ్రయంలో మరో ఎయిర్ ఇండియా విమానంలోకి చేరవలసిన పెట్టె పేలి, సామాను మోసే ఇద్దరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు.

మూడున్నరేళ్లు నిండేలోగా, 1988 డిసెంబరు 21న, స్కాట్లాండ్‌లోని లాకర్బీ ఊరి మీద పాన్ యామ్ 103 విమానం ముక్కలై కూలింది. విమానంలోని 259 మంది, నేల మీద 11 మంది చనిపోయారు. సూట్‌కేసులో ఒక రేడియో క్యాసెట్ ప్లేయర్, దాని లోపల సెమ్‌టెక్స్ అనే ప్లాస్టిక్ పేలుడు పదార్థం. అంత పెద్ద విమానాన్ని కూల్చింది చాలా కొద్ది పదార్థమేనని దర్యాప్తులో తేలింది.

టొరంటోలో యంత్రం చెడిపోయింది. లాకర్బీ తర్వాత అందరి ముందూ నిలిచిన ప్రశ్న అంతకన్నా కఠినమైనది. యంత్రం చక్కగా పనిచేస్తూ, దాని ముందు కూర్చున్న మనిషి కళ్లు చెదరకుండా చూస్తూ ఉన్నా, రేడియో లోపల ముద్దగా ఒత్తిన పదార్థాన్ని పట్టుకోగలరా? ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళ్లినవారు చివరికి పరమాణు కేంద్రకం తలుపు తట్టారు. న్యూట్రాన్లతో సామాను తనిఖీ అన్న ఆలోచన అప్పటికే ప్రయోగశాలల్లో ఉంది. లాకర్బీ దాన్ని విమానాశ్రయానికి తీసుకొచ్చింది. ఆ తర్వాత అది ఎందుకు అక్కడ నిలవలేకపోయిందన్నది చాలామంది తప్పుగా అర్థం చేసుకున్న కథ. న్యూట్రాన్ ఓడిపోయిందని వారంటారు. దానికి అప్పగించిన పనే తప్పని నేను అంటాను.

ఎక్స్‌రే ఏం చూస్తుంది?

ఎక్స్‌రే కిరణం పదార్థంలోకి వెళ్లినప్పుడు దానికి ఎదురయ్యేవి ఎలక్ట్రాన్లు. పరమాణువులో ఎన్ని ఎక్కువ ఎలక్ట్రాన్లుంటే, అవి ఎంత దట్టంగా ఉంటే, కిరణం అంతగా ఆగిపోతుంది. అందుకే ఇనుము, సీసం తెర మీద చిక్కటి నీడలవుతాయి. కత్తి, తుపాకీ, తీగలు వాటి ఆకారంతోనే దొరికిపోతాయి. రెండు వేర్వేరు శక్తుల ఎక్స్‌రేలు వాడే యంత్రాలు ఇంకొక అడుగు ముందుకు వేసి, తేలికైన పరమాణువులతో అయిన వస్తువులను నారింజ రంగులో, లోహాలను నీలం రంగులో చూపిస్తాయి. విమానాశ్రయంలో తెర వైపు ఒకసారి చూసినవారికి ఆ రంగులు గుర్తుండే ఉంటాయి.

చిక్కంతా ఆ నారింజ రంగులోనే ఉంది. పేలుడు పదార్థాల్లో చాలావరకు కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్ అనే నాలుగు మూలకాలతో తయారైనవి. పుస్తకాలు, బట్టలు, సబ్బు, చెప్పులు, ప్లాస్టిక్ డబ్బాలు, ఆహార పదార్థాలు కూడా అవే మూలకాలతో తయారవుతాయి. కార్బన్‌లో ఆరు ఎలక్ట్రాన్లు, నైట్రోజన్‌లో ఏడు, ఆక్సిజన్‌లో ఎనిమిది. ఎలక్ట్రాన్లను మాత్రమే పలకరించే కిరణానికి ఈ ముగ్గురూ దాదాపు ఒకే పోలికతో కనిపిస్తారు. పైగా ప్లాస్టిక్ పేలుడు పదార్థానికి సొంత ఆకారమంటూ లేదు. ఏ అచ్చులో ఒత్తితే ఆ రూపం తీసుకుంటుంది. ఆకారాన్ని నమ్ముకున్న తనిఖీకి ఇంతకన్నా గడ్డు పరీక్ష ఉండదు.

ఆకారం, సాంద్రత అడిగి లాభం లేనప్పుడు మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఇది ఏ మూలకాలతో తయారైంది? పెట్టె తెరవకుండా, లోపలి వస్తువు తాకకుండా ఈ ప్రశ్న అడగాలి. ఎలక్ట్రాన్ల మబ్బును దాటుకుని నేరుగా కేంద్రకం దాకా వెళ్లగలిగినదే అది అడగగలదు.

కేంద్రకంతో మాట్లాడే కణం

1932లో జేమ్స్ చాడ్విక్ కనుగొన్న న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు. కాబట్టి ఎలక్ట్రాన్లు దాన్ని అడ్డుకోవు, కేంద్రకంలోని ప్రోటాన్లు దాన్ని వెనక్కి నెట్టవు. సెంటీమీటర్ల మందం గల సీసంలోంచి కూడా అది చాలావరకు దూసుకుపోతుంది. దాన్ని నెమ్మదింపజేసేది హైడ్రోజన్. గోలీల ఆట చూసినవారికి ఇందులోని కిటుకు వెంటనే తెలుస్తుంది. గోలీ వెళ్లి పెద్ద బండరాయికి తగిలితే అదే వేగంతో వెనక్కి వస్తుంది. తనంతే ఉన్న మరో గోలీకి సూటిగా తగిలితే తన వేగమంతా దానికిచ్చి నిలిచిపోతుంది. న్యూట్రాన్, హైడ్రోజన్ కేంద్రకం దాదాపు ఒకే బరువు. రేడియోధార్మిక మూలం నుంచి సుమారు 2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం ఇది) శక్తితో బయలుదేరిన న్యూట్రాన్, హైడ్రోజన్‌తో సగటున 18 సార్లు ఢీకొంటే చాలు, గది ఉష్ణోగ్రతలోని పరమాణువులంత నెమ్మదిస్తుంది. కార్బన్‌తో అయితే దాదాపు 115 సార్లు ఢీకొనాలి. అలా నెమ్మదించిన న్యూట్రాన్ వేగం సెకనుకు 2.2 కిలోమీటర్లు. భౌతిక శాస్త్రంలో దీన్ని థర్మల్ న్యూట్రాన్ అంటారు.

నెమ్మదించిన న్యూట్రాన్‌ను ఏదో ఒక కేంద్రకం మింగేస్తుంది. మింగిన వెంటనే ఆ కేంద్రకం ఉద్రేక స్థితిలోకి వెళ్లి, అదనపు శక్తిని గామా కిరణాలుగా, అంటే ఎక్స్‌రేల లాంటివే అయినా కేంద్రకం నుంచి పుట్టే కిరణాలుగా, వదిలేస్తుంది. ఇక్కడే ప్రకృతి మనకొక గొప్ప వెసులుబాటు ఇచ్చింది. ప్రతి మూలకం వదిలే గామా కిరణాల శక్తులు దానికే ప్రత్యేకం. హైడ్రోజన్ 2.22 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పలుకుతుంది. నైట్రోజన్ పలుకుల్లో ఒకటి 10.83 దగ్గర ఉంటుంది. సామానులో సాధారణంగా ఉండే మూలకాల్లో ఇంత ఎత్తైన శక్తితో చెప్పుకోదగ్గ గామా కిరణం ఇచ్చేది మరొకటి లేదనే చెప్పవచ్చు. గుంపులో అందరికన్నా హెచ్చు స్థాయిలో పాడే గొంతును వేరు చేసి వినడం సులువు కదా. నైట్రోజన్ విషయంలో అదే జరుగుతుంది. కిరణం వదిలాక ఆ నైట్రోజన్ రేడియోధార్మికత లేని స్థిరమైన రూపంలో మిగలడం మరో మేలు.

నైట్రోజన్ మీదే ఎందుకింత గురి? సైనిక, పారిశ్రామిక పేలుడు పదార్థాల్లో అధిక భాగం నైట్రోజన్ చుట్టూ అల్లుకున్నవే. మండడానికి కావలసిన ఆక్సిజన్‌ను ఇంధనం పక్కనే, ఒకే అణువులో మోసుకొచ్చే పని నైట్రోజన్ చేస్తుంది. పేలుడు క్షణంలో ఆ బంధాలు తెగి, నైట్రోజన్ పరమాణువులు రెండేసి చొప్పున అతి బలమైన బంధంతో జతకట్టి వాయువుగా మారతాయి. ఆ జతకట్టడంలోనే బోలెడంత శక్తి విడుదలవుతుంది. సెమ్‌టెక్స్‌లోని ముఖ్య పదార్థాల్లో ఒకటైన ఆర్‌డీఎక్స్ బరువులో సుమారు 38 శాతం, టీఎన్‌టీలో 18 శాతానికి పైగా నైట్రోజనే. పెట్టెలో ఒకచోట ఇంత నైట్రోజన్ కుదురుగా కూర్చుని ఉంటే అనుమానించాల్సిందే.

ఆలోచన ఎంత చక్కగా ఉందో చూడండి. రేడియోలో దాచినా, పుస్తకంలో దాచినా, పెట్టె అడుగున పలకగా పరిచినా, నైట్రోజన్ నైట్రోజనే. ఆకారం మార్చవచ్చు గాని కేంద్రకాన్ని మార్చలేరు.

1989, కెనడీ విమానాశ్రయం

అమెరికా పౌర విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఇచ్చిన నిధులతో సైన్స్ అప్లికేషన్స్ ఇంటర్నేషనల్ కార్పొరేషన్ ఈ సూత్రం మీద ఒక యంత్రాన్ని తయారుచేసింది. పేరు టీఎన్ఏ, అంటే థర్మల్ న్యూట్రాన్ విశ్లేషణ. లాకర్బీకి ముందే లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల్లో దాన్ని పరీక్షించారు. 1989లో న్యూయార్క్‌లోని కెనడీ విమానాశ్రయంలో తొలి యంత్రం రోజువారీ పనిలోకి దిగింది.

దాని గుండెకాయ కాలిఫోర్నియం-252 అనే కృత్రిమ మూలకం. ఒక్క మైక్రోగ్రాము, అంటే గ్రాములో పదిలక్షల వంతు, సెకనుకు 23 లక్షల న్యూట్రాన్లను వెదజల్లుతుంది. స్విచ్చు నొక్కి ఆపడం దీనికి కుదరదు. రెండేళ్ల ఎనిమిది నెలలకు సగమైపోతుంది కనుక మూలాన్ని మళ్లీ మళ్లీ మార్చుకోవాలి. చుట్టూ న్యూట్రాన్లను ఆపడానికి హైడ్రోజన్ పుష్కలంగా ఉన్న ప్లాస్టిక్, వాటిని మింగడానికి బోరాన్, గామా కిరణాలకు అడ్డంగా సీసం. ఈ కవచాలన్నీ కలిసి యంత్రాన్ని టన్నుల బరువుకు చేర్చాయి. విమానాశ్రయపు నేల దాన్ని మోయగలదా అన్నదే ఒక ఇంజినీరింగ్ సమస్య అయింది. ధర పది లక్షల డాలర్లకు చేరువ.

అయినా ప్రభుత్వం విమాన సంస్థలన్నీ ఈ యంత్రాలు కొనాలని ఒత్తిడి తేవడం మొదలుపెట్టింది. అప్పుడు ఒక సూటి ప్రశ్న వచ్చింది: లాకర్బీలో వాడినంత పదార్థాన్ని ఇది పట్టుకోగలదా? యంత్రాన్ని సిద్ధం చేసింది అంతకన్నా పెద్ద మొత్తాల కోసం. చిన్న మొత్తానికి కూడా మోగేలా సున్నితత్వం పెంచితే ఏ పాపమూ ఎరగని పెట్టెలకు కూడా మోగడం ఎక్కువైపోతుంది. యాన్ మెక్‌లాఫ్లిన్ అధ్యక్షతన ఏర్పడిన విమానయాన భద్రతా కమిషన్ 1990 మే నెలలో ఇచ్చిన నివేదికలో, యంత్రాలను అందరిచేతా కొనిపించే ఆ కార్యక్రమాన్ని వాయిదా వేయమని సిఫారసు చేసింది. అదే ఏడాది వచ్చిన చట్టం, నిర్దిష్ట పరీక్షల్లో నెగ్గి ధ్రువీకరణ పొందని యంత్రాన్ని విమాన సంస్థల మీద రుద్దకూడదని తేల్చింది. 1994 డిసెంబరులో ఆ ధ్రువీకరణ తొలిసారి పొందినది న్యూట్రాన్ యంత్రం కాదు. ఆసుపత్రుల్లోని సీటీ స్కాన్ పద్ధతిలో పెట్టెను పొరలు పొరలుగా చూసే ఇన్‌విజన్ కంపెనీ వారి ఎక్స్‌రే యంత్రం అది.

ఆరు సెకన్ల లెక్క

టీఎన్ఏ ఎందుకు తడబడిందో అర్థం కావాలంటే దాని స్థానంలో నిలబడి లెక్కపెట్టి చూడాలి. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. విషయమంతా ఈ లెక్కలోనే ఉంది.

మొదటి ఇబ్బంది నైట్రోజన్ మొహమాటం. థర్మల్ న్యూట్రాన్‌ను మింగి గామా కిరణం వదిలే అవకాశం నైట్రోజన్‌కు చాలా తక్కువ. ఉప్పులోను, పీవీసీ ప్లాస్టిక్‌లోను ఉండే క్లోరిన్‌కు ఆ అవకాశం నైట్రోజన్ కన్నా 400 రెట్లకు పైగా ఎక్కువ. నైట్రోజన్‌లోకి చేరిన న్యూట్రాన్లలో కూడా అత్యధిక భాగం గామా కిరణానికి బదులు ఒక ప్రోటాన్‌ను బయటకు తోసి ఊరుకుంటాయి. ఆ ప్రోటాన్ వస్తువు దాటి రాదు, మనకు కనబడదు. మిగిలిన కొద్దిపాటిలో కూడా ఏడింటిలో ఒకటి మాత్రమే మనం ఎదురుచూస్తున్న 10.83 కిరణాన్ని ఇస్తుంది. ఇతర మూలకాల తక్కువ శక్తి కిరణాలేమో వరదలా వచ్చిపడుతూ ఉంటాయి. వాటిలో రెండు ఒకే క్షణంలో డిటెక్టర్‌ను తాకితే, ఆ రెండింటి శక్తీ కలిసి ఒకే పెద్ద కిరణంలా నమోదై నైట్రోజన్ వేషం వేస్తుంది.

రెండో ఇబ్బంది సమయం. గంటకు 600 పెట్టెలు బెల్టు మీద కదలాలంటే ఒక్కో పెట్టెకు దక్కేది ఆరు సెకన్లు. ఇప్పుడు ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. మామూలు పెట్టె ఆరు సెకన్లలో నైట్రోజన్ కిటికీలో, అంటే 10.83 చుట్టుపక్కల శక్తుల్లో, సగటున 100 కిరణాలు ఇస్తుందనుకుందాం. ఇలాంటి లెక్కింపుల్లో హెచ్చుతగ్గులు ఆ సంఖ్య వర్గమూలమంత ఉంటాయి, అంటే పది అటూ ఇటూ. దాచిన పేలుడు పదార్థం దానికి మరో 20 కలుపుతుందనుకుందాం. 120 దాటితే గంట మోగేలా గీత గీస్తే మంచి పెట్టెల్లో రెండున్నర శాతం లోపే మోగుతాయి. కాని ప్రమాదకరమైన పెట్టెల్లో సగం గీత కిందే ఉండిపోతాయి. గీతను 110కి దించితే ప్రమాదకరమైన వాటిలో 80 శాతానికి పైగా దొరుకుతాయి. అప్పుడు మంచి పెట్టెల్లో ప్రతి ఆరింటిలో ఒకటి మోగుతుంది. ఏ విమానాశ్రయమూ దాన్ని భరించలేదు.

అదే పెట్టెకు 24 సెకన్లు ఇచ్చి చూడండి. మామూలు పెట్టె లెక్క 400, హెచ్చుతగ్గులు 20 మాత్రమే. ప్రమాదకరమైన పెట్టె లెక్క 480. మధ్యలో 440 దగ్గర గీత గీస్తే మంచి పెట్టెలు రెండు శాతం చిల్లర మాత్రమే మోగుతాయి, చెడ్డవి 96 శాతానికి పైగా దొరుకుతాయి. యంత్రంలో ఒక్క మర కూడా మార్చలేదు. దానికి ఊపిరి పీల్చుకునే సమయం ఇచ్చామంతే.

మూడో ఇబ్బందిని కాలంతో గెలవలేం. ఉన్ని, పట్టు, తోలు వస్తువుల్లో నైట్రోజన్ బాగానే ఉంటుంది. ఉన్నిలో సుమారు 16 శాతం. నైలాన్‌లో 12 శాతం. మెలమైన్ పళ్లెంలో చాలా పేలుడు పదార్థాలకన్నా ఎక్కువ. చలికాలంలో తోలు కోటు, ఉన్ని స్వెటర్లు సర్దుకున్న పెట్టె న్యూట్రాన్‌కు నిజంగానే నైట్రోజన్ గనిలా కనబడుతుంది. ఎంతసేపు చూసినా కనబడుతూనే ఉంటుంది. స్వెటర్లోని నైట్రోజన్ పెట్టె అంతటా పలచగా పరుచుకుని ఉంటుంది, ముద్దలోనిది ఒకచోట పోగుపడి ఉంటుంది. కాని ఎటు తిరగాలో తెలియక తిరిగే థర్మల్ న్యూట్రాన్లతో ఆ తేడాను స్పష్టమైన బొమ్మగా చూడడం కష్టం. నైట్రోజన్ లేని పేలుడు పదార్థాలూ ఉన్నాయన్నది మరో మాట. ఒక్క నైట్రోజన్‌నే అడిగితే చాలదు.

మిగిలిన మూలకాలను కూడా పిలవాలంటే

ఆర్‌డీఎక్స్‌ను నైలాన్ పక్కన పెట్టి చూస్తే దారి దొరుకుతుంది. ఆర్‌డీఎక్స్ బరువులో కార్బన్ 16 శాతం, నైట్రోజన్ 38, ఆక్సిజన్ 43. నైలాన్‌లో కార్బన్ 64, నైట్రోజన్ 12, ఆక్సిజన్ 14. చక్కెరలో, నూలు బట్టలో ఆక్సిజన్ దండిగా ఉంటుంది గాని నైట్రోజన్ ఉండదు. మెలమైన్‌లో నైట్రోజన్ దండిగా ఉంటుంది గాని ఆక్సిజన్ పెద్దగా ఉండదు. నైట్రోజన్, ఆక్సిజన్ రెండూ ఎక్కువై కార్బన్ తక్కువగా ఉన్న మూల, ఈ పటంలో దాదాపు పేలుడు పదార్థాలదే. ఒక సంఖ్యకు బదులు మూడు సంఖ్యల నిష్పత్తి తెలిస్తే వస్తువు పేరు చెప్పడం చాలా సులువవుతుంది.

కార్బన్, ఆక్సిజన్‌లను పలికించాలంటే నెమ్మది న్యూట్రాన్లు పనికిరావు. వేగంగా వచ్చి కేంద్రకాన్ని గట్టిగా కుదిపేవి కావాలి. కుదుపు తిన్న కార్బన్ 4.44 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాన్ని, ఆక్సిజన్ 6.13 కిరణాన్ని వదులుతాయి. ఇలాంటి న్యూట్రాన్లను ఒక గొట్టంలో పుట్టించవచ్చు. హైడ్రోజన్‌కు బరువైన సోదరులైన డ్యుటీరియం, ట్రిటియం కేంద్రకాలను ఢీకొట్టిస్తే ఒక ఆల్ఫా కణం (హీలియం కేంద్రకం), 14.1 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్ పుడతాయి. కాలిఫోర్నియంలా కాక, కరెంటు తీసేస్తే ఈ గొట్టం న్యూట్రాన్లు వెదజల్లడం మానేస్తుంది. భద్రత దృష్టితో ఇది చిన్న మేలు కాదు.

ఇందులో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఆ ఆల్ఫా కణం చేసే ఉపకారం. న్యూట్రాన్, ఆల్ఫా కణం పుట్టిన చోటి నుంచి దాదాపు ఎదురెదురు దిక్కులకు బయలుదేరతాయి. ఆల్ఫా ఎక్కడ తాకిందో పట్టుకుంటే, న్యూట్రాన్ ఏ దిక్కుకు వెళ్లిందో దాన్ని చూడకుండానే తెలిసిపోతుంది. ఎప్పుడు బయలుదేరిందో కూడా తెలుస్తుంది. ఆ న్యూట్రాన్ నానోసెకనుకు, అంటే సెకనులో వందకోట్ల వంతుకు, ఐదు సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ దూరం వెళ్తుంది. గామా కిరణం ఎన్ని నానోసెకన్ల తర్వాత వచ్చిందో కొలిస్తే, పెట్టెలో ఏ లోతున ఏ మూలకం పలికిందో లెక్కకట్టవచ్చు. ప్రతి న్యూట్రాన్‌కూ ఒక చీటీ కట్టి పంపినట్టు! ఈ చీటీ పద్ధతిని యూరప్‌లో యూరిట్రాక్ అనే ప్రాజెక్టు క్రొయేషియాలోని రియేకా ఓడరేవులో సరుకు కంటెయినర్ల మీద పరీక్షించింది.

కణాలకు వేగం పెంచే పెద్ద యాక్సిలరేటర్‌తో న్యూట్రాన్లను అతి చిన్న తునకలుగా పంపి, వాటి ప్రయాణ కాలాన్ని కొలిచే పద్ధతి ఇంకొకటి. దాన్ని పీఎఫ్ఎన్ఏ అంటారు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2002లో దీని గురించి లోతుగా పరిశీలించి, విమానాశ్రయాల్లో వాడడానికి ఇది ఆచరణ సాధ్యం కాదని తేల్చింది. పరిమాణం, ఖర్చు, కవచం, వేగం అన్నీ అడ్డువచ్చాయి. సెప్టెంబరు 11 దాడుల తర్వాత వచ్చిన చట్టం ప్రకారం 2002 డిసెంబరు 31లోగా అమెరికా విమానాశ్రయాల్లో ప్రతి చెక్-ఇన్ పెట్టెనూ పేలుడు పదార్థాల కోసం తనిఖీ చేయాలి. అంత తొందరలో, అంత విస్తారంగా పెట్టడానికి సిద్ధంగా ఉన్నవి సీటీ యంత్రాలు, వస్త్రంతో తుడిచి రసాయనాల జాడ పట్టే పరికరాలు. మార్కెట్టు వాటిదయింది.

న్యూట్రాన్లు తగిలిన సామాను రేడియోధార్మికంగా మారదా అని చాలామంది భయపడతారు. అడగవలసిన ప్రశ్నే ఇది. ఉప్పులోని సోడియం, వంట పాత్రల్లోని అల్యూమినియం కొద్దిగా ఉత్తేజితమవుతాయన్నది నిజం. అల్యూమినియంలో పుట్టేది రెండుంపావు నిమిషాలకు సగమవుతుంది, సోడియంలో పుట్టేది 15 గంటలకు. తనిఖీలో వాడే మోతాదులకు ఏర్పడే ఆ కొద్ది రేడియోధార్మికత అత్యల్పం. అసలైన జాగ్రత్త పెట్టె విషయంలో కాదు, యంత్రం పక్కన రోజంతా పనిచేసే మనుషుల విషయంలో తీసుకోవాలి. కవచాల బరువు తగ్గించడం కుదరకపోవడానికి కారణం వారే, అది న్యాయమైన కారణం.

ఎవరి తప్పులు ఎక్కడ?

విమానాశ్రయంలో పేలుడు పదార్థం అత్యంత అరుదు. పది లక్షల పెట్టెల్లో ఒక్క దాంట్లో బాంబు ఉందనుకుందాం. 95 శాతం సార్లు బాంబును పట్టి, మంచి పెట్టెల మీద కేవలం ఐదు శాతం సార్లు పొరపడే యంత్రం ఉందనుకుందాం. వినడానికి గొప్ప యంత్రమే. అయినా అది 50 వేల సార్లు ఊరికే మోగుతుంది, నిజంగా మోగేది ఒక్కసారి. నెలల తరబడి ఊరికే మోగే గంటను వినే ఉద్యోగి చెవి క్రమంగా మొద్దుబారుతుంది. అది ఆ మనిషి తప్పు కాదు.

ఈ సంఖ్యను తగ్గించాలంటే ఇంకొక పరీక్ష కావాలి. ఆ రెండో పరీక్ష కూడా మొదటి దానిలాగే పొరపడేదైతే ఉపయోగం సున్నా. ఒకే చోట నిలబడి ఒకే దృశ్యం చూసిన ఇద్దరు సాక్షులు ఒకే పొరపాటు చెబుతారు. సీటీ యంత్రం పొరపడేది సాంద్రతలో పేలుడు పదార్థాన్ని పోలిన వస్తువుల దగ్గర: జున్ను, చాక్లెట్, కొన్ని రకాల ప్లాస్టిక్. న్యూట్రాన్ పొరపడేది తోలు, ఉన్ని, మెలమైన్ దగ్గర. చాక్లెట్ ముద్దను చూసి సీటీ తడబడితే, అందులో నైట్రోజన్ పెద్దగా లేదని న్యూట్రాన్ చెప్పగలదు. స్వెటర్ చూసి న్యూట్రాన్ తడబడితే, అక్కడ దట్టమైన ముద్దేదీ లేదని సీటీ చెప్పగలదు. ఒకరి గుడ్డిచోటు మరొకరికి కనబడేచోటు. రెండు పరీక్షల పొరపాట్లకు ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే, 50 వేల తప్పుడు గంటలు రెండో పరీక్ష దగ్గర 2,500కు పడిపోతాయి. బాంబును పట్టే అవకాశం కూడా 95 నుంచి 90కి తగ్గుతుందన్నది దాచకుండా చెప్పవలసిన మాట. గీతలు ఎక్కడ గీయాలన్న కఠిన నిర్ణయం అప్పుడూ మనుషులదే.

పెట్టెలన్నిటినీ కాకుండా మొదటి యంత్రం అనుమానించిన ఐదు శాతాన్నే న్యూట్రాన్ దగ్గరకు పంపితే, ఆరు సెకన్ల ఇరుకు మాయమవుతుంది. పెట్టెల సంఖ్య 20వ వంతు అయింది కనుక ఒక్కో దానికి రెండు నిమిషాలు ఇవ్వవచ్చు. ఇందాకటి ఉదాహరణలో 100, 120గా ఉన్న లెక్కలు 2,000, 2,400 అవుతాయి. హెచ్చుతగ్గులు 50 దాటవు. 1989లో దొరకని తేడా పట్టపగలులా కనిపిస్తుంది. సీటీ ముందే పెట్టెలో ఏ మూల చూడాలో చూపించి ఉంటుంది కనుక, ఆ మూల వైపే చీటీ కట్టిన న్యూట్రాన్లను గురిపెట్టి కార్బన్, ఆక్సిజన్‌ల నిష్పత్తి కూడా అడగవచ్చు. కెనడీ విమానాశ్రయంలో టీఎన్ఏను ప్రతి పెట్టె ముందూ కావలివాడిగా నిలబెట్టారు. అది నిదానంగా అడిగి తెలుసుకునే విచారణాధికారి స్వభావం కలది.

ఆ స్వభావానికి తగిన పని విమానంలో వెళ్లే సరుకుల దగ్గర దొరికింది. పెద్ద కంటెయినర్ల లోపలికి మామూలు ఎక్స్‌రే తేలిగ్గా చొరబడలేదు, విప్పి చూడాలంటే గంటలు పడుతుంది. ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ 14 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్లను, గామా కిరణాలను ఒకేసారి కంటెయినర్ గుండా పంపి, రెండింటి నీడలను పోల్చే స్కానర్‌ను తయారుచేసి 2006 ప్రాంతంలో బ్రిస్బేన్ విమానాశ్రయంలో ప్రయోగించింది. గామా కిరణాలు ఎలక్ట్రాన్లను పలకరిస్తాయి, న్యూట్రాన్లు కేంద్రకాలను. రెండు నీడల నిష్పత్తిలోంచి లోహం, సేంద్రియ పదార్థం, వాటిలోని రకాలు వేరువేరు రంగుల్లో తేలతాయి. అక్కడ న్యూట్రాన్ ఒంటరిగా తీర్పు చెప్పడం లేదు. పక్కన మరో సాక్షి ఉంది.

అనుమానిత పెట్టెను పక్కకు తీసుకెళ్లి పరీక్షించే గదుల్లో, దారి పక్క వదిలేసిన సంచిని దగ్గరకు వెళ్లకుండా శోధించవలసిన చోట్ల, ఇప్పుడు చేతిపెట్టెలో పట్టే న్యూట్రాన్ గొట్టాల మీద పని సాగుతోంది. టొరంటోలో ఆ రోజు ఎక్స్‌రే ఆగిపోయినప్పుడు మిగిలింది ఒకే ఒక్క చిన్న పరికరం. దాని మాట సరిచూడడానికి అక్కడ మరొకటి లేదు.